దారి ఇస్తేనే దారి

పొద్దున్నే పిల్లల కారియర్లు సర్ది, గ్యాస్ కట్టేసి, తలుపు తాళం వేసి, స్కూటరో కారో బయటికి తీసే ఇల్లాలిని "మీకు అన్నిటికంటే భయం దేనికండీ?" అని అడిగి చూడండి. ధరల పేరు చెప్పదు, దొంగల పేరు చెప్పదు. "ఆ ట్రాఫిక్కే" అంటుంది. రెండు మైళ్ళ దూరంలో ఉన్న బడికి ముప్పావు గంట పడుతుంది. ముందు బస్సు, వెనుక లారీ, పక్కన ఆటో, మధ్యలో మనం. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఇదే కాబోలు అనిపిస్తుంది.

అప్పుడు మనందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఈ రోడ్డు ఎప్పటికి వెడల్పు చేస్తారో!" ఈ మాట సబబేనా? రోడ్డు వెడల్పయితే మన కష్టం తీరుతుందా? చరిత్ర దీనికి ఏం సమాధానం చెబుతుందో ఇవాళ కాసేపు చూద్దాం. ఎందుకంటే రోడ్డు మీద తొక్కిడి మన కాలంలో పుట్టిన పీడ కాదు. చక్రం పుట్టిన కొన్నాళ్ళకే అదీ పుట్టింది.

ముందుగా మన పామూరు సీమ నుంచే మొదలుపెడతాను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పామూరు నెల్లూరు జిల్లాలోది. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి పేరు పెట్టి ప్రకాశం జిల్లా అన్నారు. పామూరు నాలుగు దారులు కలిసే ఊరు. ఒక దారి కనిగిరికి, ఒకటి కందుకూరుకు, ఒకటి ఉదయగిరికి, ఇంకొకటి చంద్రశేఖరపురానికి. ఈ దారుల మీద ఎడ్లబండ్లు నడిచినన్నాళ్ళూ చక్రాలు దిగి దిగి పడిన గాడి ఒక్కటే ఉండేది. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఏదో ఒకటి గాడి దిగి పక్కకు తప్పుకోవాల్సిందే. మూటలతో నిండిన బండి దిగితే మళ్ళీ ఎక్కడం ఎడ్లకు ప్రాణసంకటం. ఖాళీ బండికి అదేమంత పని కాదు. అందుకని ఖాళీగా వస్తున్నవాడు దిగి దారి ఇవ్వడం న్యాయం. చీకటి పడితే బండి ఇరుసు కింద లాంతరు వేలాడేది. ఎడ్ల మెడలో గంటలు వినిపించేవి. అంటే దీపం, హారను, దారి ఇచ్చే మర్యాద - మూడూ ఎడ్లబండికే ఉన్నాయన్న మాట!

ఇక వెడల్పు సంగతి. పామూరుకు దక్షిణంగా ఉదయగిరి దుర్గం ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నరపాటు ముట్టడించి 1514లో గెలిచాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఆ ముట్టడి గురించి విన్నది రాసిపెట్టాడు. కోటపైకి ఉన్నది ఒకే ఒక బాట. అందులో మనుషులు ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే నడవగలిగేవారు. అంత సైన్యం ఉండి ఏం లాభం? ఒక్కొక్కరుగా వెళితే పైవాళ్ళకు పట్టుబడిపోతారు. అందుకని రాయలు కొండరాళ్ళు కొట్టించి అక్కడ విశాలమైన దారి వేయించాడు. దానికి తోడు ఇంకా ఎన్నో దారులు తొలిపించాడు. అప్పుడుగానీ సైన్యం కోట దగ్గరికి చేరలేదు. రోడ్డు వెడల్పు చేసి రద్దీని గెలిచిన కథ మన సీమలోనే ఉందన్న మాట.

కానీ ఒక్క సంగతి గమనించాలి. ఉదయగిరి దారిలో నడిచింది ఒకే సైన్యం. దానికి రాజు ఒక్కడే, గమ్యం ఒక్కటే. మన చౌరస్తాలో అలాక్కాదే! అక్కడ ఎవరికి వారే రాజు.

వెడల్పు కాక రద్దీకి ఇంకో కారణం ఉంది, అది వేళ. దీనికి కూడా మన వైపే చక్కని ఉదాహరణ దొరుకుతుంది. పామూరు నుంచి కందుకూరు వెళ్ళే దారిలో మాలకొండ ఉంది. కొండమీద లక్ష్మీనరసింహస్వామి వెలసి ఉన్నాడు. ఆ గుడి తలుపులు వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఇక శనివారం ఆ దారి ఎలా ఉంటుందో ఊహించుకోండి! తక్కిన ఆరు రోజులూ అదే దారి, అదే వెడల్పు, కానీ ఆ జనం ఉండరు. దారి మారలేదు, అందరూ ఒకే పూట బయలుదేరారు, అంతే. నగరాల్లో మనకు ప్రతి ఉదయం తొమ్మిదింటి వేళ ఒక మాలకొండ శనివారమే. బడి, ఆఫీసు, కాలేజీ, బ్యాంకు అన్నిటి తలుపులూ ఒక్కసారే తెరుస్తాం. తర్వాత రోడ్డును తిడతాం.

ఈ వేళ కిటుకు రెండువేల ఏళ్ళ కిందటే రోము నగరం వాళ్ళు కనిపెట్టారు. సందులు ఇరుకై, బండ్లకూ మనుషులకూ చోటు చాలక, క్రీస్తు పూర్వం 45లో జూలియస్ సీజరు పేరిట ఒక శాసనం వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి సాయంకాలం దాకా నగరంలోకి సరుకు బండ్లు రాకూడదు. గుడులు కట్టే సామాను మోసే బండ్లకూ, మరికొన్నిటికీ మాత్రం మినహాయింపు. పగలు నడిచేవాళ్ళకు హాయి అయింది. కానీ బండ్లన్నీ రాత్రిపూట మీద పడ్డాయి. ఆ చప్పుడుకు నిద్ర కరువైందని తర్వాతి కాలపు కవి జువెనాల్ ఎకసెక్కం చేశాడు. తొక్కిడి పోలేదు, పగటి నుంచి రాత్రికి జరిగిందన్న మాట. అయినా, పసిపిల్లను చంకనేసుకుని పగలు నడిచే తల్లికి దారి మిగిలింది కదా, అది చిన్న సంగతి కాదు.

ఇక దీపాల మాట. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం ముందు మొట్టమొదటి ట్రాఫిక్ దీపం పెట్టారు. పగలు రైలు సిగ్నల్లా చేతులు పైకీ కిందికీ కదిలేవి. రాత్రి ఎర్రదీపం, పచ్చదీపం. అది గ్యాసు దీపం కావడంతో నెల తిరక్కుండానే, 1869 జనవరి 2న, పేలిపోయింది. దాన్ని నడిపే పోలీసుకు గాయాలయ్యాయి. దాంతో చాలా ఏళ్ళు ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటుతో వెలిగే దీపాలు వచ్చాయి. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి ఎరుపుకూ పచ్చకూ మధ్య పసుపు చేర్చాడు. పచ్చ ఆరి ఎర్ర వెలిగేలోపు ఆగడానికి కాస్త వ్యవధి కావాలి కదా. ఇవాళ మనవాళ్ళలో చాలామంది పసుపు చూడగానే ఇంకా గట్టిగా తొక్కుతారు. ఆగమని పెట్టిన దీపం పరుగెత్తమని చెప్పినట్టయింది!

ఈ చరిత్రలో ఆడవాళ్ళ చెయ్యి లేదనుకోకండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్త తయారుచేసిన మోటారు బండిని వంద కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ పుట్టింటికి వెళ్ళింది. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకున్న పిన్నుతో తీసేసింది. దారిలో మందుల షాపులో ఇంధనం కొనుక్కుంది. మోటారు బండిని నమ్మవచ్చని లోకానికి చూపించింది ఆ ప్రయాణమే. అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడ మంచు కురిసే వేళ న్యూయార్కులో ట్రాము ఎక్కింది. డ్రైవరుకు అద్దంలోంచి దారి కనబడక పడే అవస్థ చూసి, అద్దం తుడిచే సాధనం ఆలోచించింది. 1903లో దానికి పేటెంటు వచ్చింది. మన వానాకాలంలో కారు అద్దం మీద అటూ ఇటూ ఊగే వైపరుకు అదే నాంది.

ఇంకొక ఆవిడ కథ మన విషయానికి మరీ దగ్గర. కాలిఫోర్నియాలో జూన్ మెక్‌కారల్ అనే డాక్టరమ్మ ఉండేది. 1917లో ఒకరోజు ఆవిడ కారు నడుపుతుంటే, ఎదురుగా ఒక లారీ రోడ్డు మధ్యలో నుంచి దూసుకువచ్చి ఆవిడను ఇసుకలోకి తోసేసింది. ఆవిడ ఊరుకోలేదు. రోడ్డు మధ్యలో ఒక తెల్లగీత గీస్తే నీ సగం నీది, నా సగం నాది అని తెలుస్తుంది కదా అని అధికారుల చుట్టూ తిరిగింది. వినిపించుకోకపోతే తనే కొంత దూరం గీత గీసి చూపించింది. మహిళా సంఘాలను కూడగట్టుకుని ఏళ్ళ తరబడి అడిగింది. చివరికి 1924లో ఆ రాష్ట్రం రహదారుల మీద గీతలు గీయడానికి ఒప్పుకుంది. ఆ గీతతో రోడ్డు ఒక్క అంగుళం వెడల్పు కాలేదు. పంపకం కుదిరింది. మన పెరటి గోడ మీద తగాదా లేకుండా హద్దు రాయి పాతినట్టే ఇది.

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి చదువులకనీ ఉద్యోగాలకనీ వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. కుతుబ్‌షాహీలు 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు. 1591లో చార్మినార్ కట్టి నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద వీధులు పెట్టారు. అవి పల్లకీలకూ గుర్రాలకూ ఏనుగులకూ వేసిన వీధులు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టి దగ్గర రాతి దుకాణాల వరుసల మధ్య విశాలమైన రోడ్డు వేసింది. 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. 1958లో అది ఆర్టీసీ అయింది. 27 బస్సుల ఊరు కాస్తా లక్షలాది వాహనాల నగరమైంది.

ఇందులో మన పాలూ ఉందండోయ్. 1972లో లూనా వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1984లో గేర్లు మార్చే పని లేని కైనెటిక్ హోండా వచ్చింది. ఆడపిల్ల చీరకట్టుతో, జడ వేసుకుని, ఎవరినీ బతిమాలకుండా తన పని తను చూసుకురాగలిగింది. దీన్ని నేను తొక్కిడి అనను, స్వాతంత్ర్యం అంటాను. కానీ స్వాతంత్ర్యం అందరికీ వచ్చినప్పుడు పంపకం కూడా నేర్చుకోవాలి.

వంతెనల సంగతి చూడండి. 1973లో మద్రాసు వాళ్ళు జెమిని స్టూడియో కూడలి మీద వంతెన కట్టారు. ఆ నగరానికి అదే మొదటిది. నెల్లూరు వైపు నుంచి వెళ్ళినవాళ్ళు దాన్ని వింతగా చూసి వచ్చేవారు. తర్వాత హైదరాబాదులోనూ వంతెనలు లేచాయి. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. విజయవాడలో బెంజ్ సర్కిల్ వంతెన, కనకదుర్గ వంతెన కూడా 2020లోనే ప్రారంభమయ్యాయి. వీటి వల్ల మేలు లేదని నేననను. కానీ ఒక కూడలి దగ్గర వంతెన కడితే తొక్కిడి చాలాసార్లు తర్వాతి కూడలికి నడిచిపోతుంది. రోడ్డు బాగుందని తెలియగానే ఇంతకుముందు బస్సెక్కినవాళ్ళు, వేరే వేళకు వెళ్ళినవాళ్ళు, అసలు కదలనివాళ్ళు కూడా అటే వస్తారు. ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే ఈ మాట వివరించి చెప్పాడు. అలమర కొత్తది కొంటే చీరలు సర్దుకోవడానికి చోటు మిగులుతుందనుకుంటాం. ఏడాది తిరిగేసరికి అదీ నిండుతుంది కదూ!

సింగపూరు వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1975 జూన్ నుంచి పొద్దుటి రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రుసుము పెట్టారు. నలుగురు కలిసి ఎక్కిన కారుకు మాత్రం మొదట్లో రుసుము లేదు. ఇందులో కిటుకు గ్రహించారా? కార్లు ఎన్ని వచ్చాయని కాక, మనుషులు ఎంతమంది వచ్చారని లెక్క చూశారు. ఒక బస్సు రెండు మూడు కార్ల చోటు తీసుకుని యాభై మందిని మోస్తుంది. ఆ యాభై మందీ ఒక్కొక్కరూ ఒక్కో కారు తీస్తే వీధి చివరిదాకా వరుసే. హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రవేశపెట్టారు. ఇంట్లో కారున్నా అన్ని పనులకూ కారే తీయాలని నియమం లేదు.

ఇప్పుడు ఒక చిత్రమైన ప్రయోగం చెబుతాను. జపాన్ శాస్త్రజ్ఞులు 230 మీటర్ల గుండ్రటి దారి మీద 22 కార్లు నిలిపి, అందరినీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సమంగా నడపమన్నారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురించారు. దీపం లేదు, కూడలి లేదు, గుంట లేదు, అడ్డం వచ్చే ఆవు లేదు. అయినా కాసేపటికి కార్లు ఆగిపోవడం మొదలైంది! ఎందుకు? ఒకరు ముందుకారుకు కాస్త దగ్గరగా వెళ్ళి బ్రేకు వేశారు. వెనుకవాళ్ళు ఇంకా గట్టిగా వేశారు. ఆ వెనుకవాళ్ళు పూర్తిగా ఆగారు. ఆ ఆగడం అలలా వెనక్కి వెనక్కి పాకిపోయింది. "ముందు ఏమైందో ఏమో" అని మనం మెడ చాచి చూస్తామే, చాలాసార్లు ముందు ఏమీ ఉండదు. ఎవరి తొందరో అలగా మారి మనదాకా వచ్చిందంతే. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలన్నది ఊరికే కాదు.

కాబట్టి స్టీరింగు ముందు కూర్చునే సోదరీమణులు ఈ చరిత్ర నుంచి తీసుకోదగ్గవి కొన్ని చెబుతాను.

మొదటిది వేళ. పనుల చిట్టా రాసుకోండి. బ్యాంకు, కూరలు, టైలరు - ఒకవైపు ఉన్నవన్నీ ఒక్క ప్రయాణంలో, పదకొండు దాటాక పెట్టుకోండి. బడి వేళ మార్చలేం. అయితే పావుగంట ముందు బయలుదేరవచ్చు. ఆ పావుగంట వంటింట్లో దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. రాత్రే యూనిఫారాలు, పుస్తకాల సంచులు సర్దిపెట్టడంలో ఇంటాయనకూ పిల్లలకూ పాలివ్వండి. ట్రాఫిక్కు భయం సగం ఆలస్యం భయమే.

రెండోది ఎడం. కదిలే వేళ ముందు బండి ఏదైనా స్తంభం దాటాక మీరు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు అక్కడికి చేరకూడదు. ఆ సందులోకి ఎవరైనా దూరతారు, దూరనివ్వండి. మళ్ళీ ఎడం వదలండి. మీరు బ్రేకు మీద బ్రేకు వేయకుండా నెమ్మదిగా నడిస్తే, ఆ జపాన్ అల మీ దగ్గర కాస్తయినా చల్లబడుతుంది.

మూడోది కూడలి. పచ్చదీపం ఉన్నా అవతల చోటు లేకపోతే నడిమధ్యకు వెళ్ళకండి. నాలుగు వైపులా తాళం పడేది అక్కడే. కుడికి తిరగాలంటే ముందునుంచే కుడి వరుసలో ఉండండి. దారి తప్పితే తప్పనివ్వండి, తర్వాతి మలుపులో వెనక్కి రావచ్చు. ఫోను మోగితే మోగనివ్వండి, బండి పక్కకు ఆపాకే ఎత్తండి.

నాలుగోది బడి గేటు. ఇది చెబితే కొందరికి కోపం రావచ్చు. మన పిల్లవాడు నాలుగడుగులు నడవకూడదని గేటు ముందే రెండో వరుసలో కారు ఆపుతాం. ఒక్క నిమిషమే అనుకుంటాం. అరవైమంది తల్లులు అలాగే అనుకుంటే గంట అయింది. కాస్త దూరాన ఆపి, చెయ్యి పట్టుకుని నడిపించుకువెళ్ళండి. పిల్లవాడు రోడ్డు మర్యాద నేర్చుకునేది ఆ నాలుగడుగుల్లోనే.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. అంబులెన్సు కేక వినబడితే ఎడమకు ఒదిగి దారి ఇవ్వండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, దారి ఇవ్వనివారికి పదివేల రూపాయల జరిమానా పెట్టింది. జరిమానా మాట అలా ఉంచండి. లోపల పడుకున్నది ఎవరి అమ్మో, ఎవరి బిడ్డో! ఇరుకులో ఉన్న ఆ బండికి దారి ఇవ్వడమంటే, గాడి దిగగలిగిన ఖాళీ బండి బరువు బండికి తప్పుకోవడమే.

మెల్లగా నడిపితే వెనుక నుంచి హారన్లు మోగుతాయి. "ఆడవాళ్ళ డ్రైవింగు" అని వెక్కిరింపులూ వినబడతాయి. వాటికి జంకి తొందరపడకండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. అందులో దాదాపు ఐదోవంతు మంది కాలినడకన పోయేవాళ్ళు. వాళ్ళకు కారు లేదు, హారను లేదు, చుట్టూ ఇనుప గోడ లేదు. కూరల సంచి పట్టుకుని రోడ్డు దాటలేక నిలబడ్డ ముసలమ్మ కోసం మీరు ఒక్క క్షణం ఆగితే, వెనుకవాడు గంట కొట్టినా సరే, ఆ ఆగడం ఓటమి కాదు.

రాయలవారిలా కొండలు కొట్టించే అధికారం మనకు లేదు. దీపాలు పెట్టించడం, వంతెనలు కట్టించడం ప్రభుత్వాల పని, అవి మనం అడగవలసినవే. కాలిఫోర్నియా డాక్టరమ్మలా నలుగురినీ కూడగట్టుకుని, మీ వీధిలో నడిచేవాళ్ళకు కాలిబాట కావాలనీ, బడి ముందు గీతలు కావాలనీ అడగండి. అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మన బండి ముందున్న ఆ కాస్త ఖాళీ చోటు. దాన్ని ఎదుటివారికి ఇవ్వగలిగినప్పుడే మనకూ దారి దొరుకుతుంది.